అంగన్‌వాడీలో ఒక రోజును ఎలా అమర్చుకోవాలి: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల దినచర్య, ఆట

ఒక గది, ఒక టీచరు, ఒక ఆయా, మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఓ పదిహేను ఇరవై మంది: మన పల్లెల్లోనూ బస్తీల్లోనూ అంగన్‌వాడీ అంటే చాలాచోట్ల ఇదే. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడే పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు పూర్వ ప్రాథమిక విద్యను కూడా అందులో చేర్చారు. కానీ తూకాలు, రిజిస్టర్లు, ఫోన్‌లో నమోదులు, సరుకుల లెక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోవడంతో ఆ విద్యకు దక్కవలసిన సమయమే అన్నిటికంటే ముందు కోతపడుతూ వచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. 2022లో ఆ దశకు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, 2024లో అంగన్‌వాడీల కోసం ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక వచ్చాయి. ఇవన్నీ ఈ వయసులో చదువు ఆట ద్వారానే సాగాలని చెబుతున్నాయి. ఆ మాటను ఒక మామూలు గదిలో, ఇద్దరు పెద్దవాళ్లతో, తెల్లవారి తొమ్మిదింటి నుంచి ఎలా ఆచరణలో పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను. బాలవాడి నడిపేవారికీ, ఇంట్లో ఈ వయసు పిల్లలున్నవారికీ ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

మొదట వరసను ఖాయం చేసుకోండి

మూడేళ్ల పిల్లవాడికి గంటలు తెలియవు గానీ, దేని తర్వాత ఏది వస్తుందో బాగా తెలుస్తుంది. చేతిపని అయ్యాక చేతులు కడుక్కోవడం, ఆ తర్వాత అన్నం, అన్నం తిన్నాక పడక అనే వరస స్థిరపడితే, అమ్మ ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు పిల్లలు తమంతట తామే జవాబు చెప్పుకోగలుగుతారు: నిద్ర లేచి, బయట ఆడుకున్నాక వస్తుంది. కాబట్టి గోడకు గంటల పట్టిక అతికించినంత మాత్రాన దినచర్య ఏర్పడదు. వరస మారకూడదు, ఒక్కో పని నిడివి మాత్రం ఆనాటి పిల్లలను బట్టి పెరగవచ్చు, తగ్గవచ్చు.

తొమ్మిదింటికి తెరిచే కేంద్రంలో ఈ వరస చాలావరకు కుదురుతుంది: పిల్లల రాక, పలకరింపు, సుమారు నలభై నిమిషాలు ఇష్టమైన ఆట, అందరూ కలిసి కూర్చుని కబుర్లు, కథ, మధ్యలో నీళ్లు, మరుగుదొడ్డి, చేతిపని, భోజనం, నిద్ర, చిరుతిండి, బయట ఆట, ఇంటికి ప్రయాణం. కూర్చునే పని వెంటనే కదిలే పని, కదిలే పని తర్వాత కూర్చునే పని ఉండేలా చూసుకుంటే గదిలో సగం అల్లరి దానంతటదే తగ్గుతుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు శరీరాన్ని కదిలించే ఆటల్లో గడపాలనీ, అందులో 60 నిమిషాలైనా ఒగర్చేంత చురుగ్గా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇల్లు ఇరుకై, వీధిలో బండ్ల రద్దీ ఉన్న బస్తీ పిల్లలకు ఆ కదలిక దొరికేది మీ దగ్గరేనని గుర్తుంచుకోండి.

మన ఎండలకు తగినట్టు ఒక సవరణ అవసరం. మార్చి వచ్చాక తెలంగాణలో గానీ రాయలసీమలో గానీ మధ్యాహ్నం మూడింటికి పిల్లలను బయటికి వదలలేము. ఫిబ్రవరి చివరి వారంలోనే బయటి ఆటను పొద్దుటికి, ఇష్టమైన ఆటను సాయంత్రానికి మార్చి, ఆ కొత్త వరసను వేసవి సెలవుల దాకా అలాగే నడపండి. రోజుకో రకంగా మారిస్తే పెద్ద పిల్లలు సర్దుకుంటారు గానీ చిన్నవాళ్లు చిరాకుపడతారు.

వరస పిల్లలకు కనబడాలి. ఒక్కో పనికి ఒక్కో అట్టముక్క మీద బొమ్మ గీసి (చెంబు, పళ్లెం, చాప, చెట్టు, చెప్పులు), పిల్లల కంటికి అందే ఎత్తులో తాడుకు వరసగా వేలాడదీయండి. ఒక పని అయిపోగానే ఆ అట్టను ఒక పిల్లవాడి చేత తిప్పించండి. ఈ పని కోసం పిల్లలు పోటీపడతారు కనుక వంతులు పెట్టవలసి వస్తుంది; ఆ వంతుల వల్ల వారాల పేర్లు కూడా వచ్చేస్తాయి.

గదిని మూలలుగా విడదీయండి

గది నడుమ చాప పరిచి, అందరినీ గోడల వెంట కూర్చోబెట్టే పద్ధతి పెద్దవాళ్లకు సౌకర్యం, అంతే. గదిని నాలుగు చోట్లుగా విడదీయండి. ఒకటి బొమ్మరిల్లు: పాత గిన్నెలు, గరిటె, చిన్న చేట, పాత చీరముక్క, అద్దం, పనిచేయని ఫోన్. రెండోది దిమ్మెల మూల: వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కముక్కలను అంచులు గీకించి తెచ్చుకోవచ్చు, ఖాళీ అట్టపెట్టెలు, కొబ్బరి చిప్పలు, మూతలు వీటికి తోడు. మూడోది పుస్తకాలు, బొమ్మలు ఉండే నిశ్శబ్దపు మూల. నాలుగోది గీయడానికి, అతకడానికి: పలకలు, సుద్దముక్కలు, పాత క్యాలెండర్ల వెనుక వైపు, ఆకులు. మూలలను గోడలతో వేరుచేయనక్కరలేదు, నేల మీద ముగ్గు గీత చాలు.

కొనే బొమ్మలు తక్కువైతే లోటనుకోకండి. శిశు విద్యావేత్త తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డిలో పల్లె పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టినప్పుడు, ఖరీదైన మాంటిస్సోరి సామగ్రికి బదులుగా చుట్టుపక్కల దొరికే వస్తువులనే వాడారు. మన దగ్గర తాటాకు, ఈతాకు, తుమ్మకాయలు, కుంకుడుగింజలు, జొన్న బెండ్లు, ఏటిగులకరాళ్లు ఊరికే దొరుకుతాయి. కొనే అవకాశం ఉంటే, మెరిసే ప్లాస్టిక్ బొమ్మల కన్నా అంకుడు కర్రతో, సహజమైన రంగులు కలిపిన లక్కతో చేసే ఏటికొప్పాక బొమ్మలను ఎంచుకోవడం మేలు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర ఆ తేడాకు చాలా విలువ ఉంది.

చిన్న వస్తువుల విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. చింతగింజలు, శనగలు, పూసలు, గుండీలు ముక్కులోకీ చెవిలోకీ వెళ్లడం ఈ వయసులో మామూలుగా జరిగే ప్రమాదం. వీటిని మూత బిగుసుకునే డబ్బాలో పై అరలో ఉంచి, మీరు పక్కన కూర్చున్నప్పుడే, పెద్దపిల్లలకే ఇచ్చి, లెక్క పెట్టి తిరిగి తీసుకోండి. బటన్ బ్యాటరీ ఉన్న ఏ ఆటవస్తువునూ గదిలో ఉంచకండి; మింగితే అది కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది కనుక, మింగినట్టు అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తలుపు దగ్గర ఎదురుచూడండి

పిల్లలు వచ్చే అరగంటలో మీరు రిజిస్టరు ముందు కూర్చోకండి. హాజరును తర్వాత అయినా వేసుకోవచ్చు. వాకిట్లో కిందికి వంగి, పేరు పెట్టి పిలిచి, ఆ పిల్లకు సంబంధించిన ఏదో ఒక ముక్క మాట్లాడండి: “నాగమణీ, మీ మేక ఈనిందా?” వచ్చిన పిల్ల ముఖం చూస్తే రాత్రి జ్వరం వచ్చిందో, ఇంట్లో గొడవ జరిగిందో, ఏమీ తినకుండా వచ్చిందో తెలిసిపోతుంది. చెప్పులు వరసగా విడవడం, సంచి కొక్కేనికి తగిలించడం, గోడ మీది హాజరు పట్టికలో తన బొమ్మకు ఎదురుగా ఒక ఆకు అతికించడం వంటివి పిల్ల తనంతట తానే చేసేలా అలవాటు చేయండి.

కొత్తగా చేరిన పిల్లల సంగతి వేరు. ఏడుస్తున్న బిడ్డను ఆయా చేతికి ఇచ్చి తల్లి చాటుగా జారుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. అమ్మ ఏ క్షణంలో మాయమవుతుందో తెలియని పిల్ల మర్నాడు కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు తల్లినో అమ్మమ్మనో గదిలోనే ఓ మూల కూర్చోనివ్వండి. తర్వాత ఒక పావుగంట బయటికి వెళ్లి రమ్మనండి. ఆ తర్వాత అన్నం వేళ దాకా. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలి, చెప్పిన వేళకు తప్పకుండా రావాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న చీరముక్కనో బొమ్మనో లాక్కోకండి. ఆధారశిలలో కూడా ఏడాదిలోని తొలి నాలుగు వారాలను పిల్లలు కొత్త చోటుకు అలవాటుపడడానికే కేటాయించారు. ఆ నెల రోజుల్లో అక్షరమొక్కటి కూడా రాకపోయినా మీరు వెనకబడ్డట్టు కాదు.

ఇష్టమైన ఆటను నడపడం నేర్చుకోండి

దినచర్య మొత్తంలో పెద్దవాళ్లకు కష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇందులో మన పని తక్కువగా కనిపిస్తుంది. పిల్లలు ఏ మూలకు వెళ్లాలో, ఏ వస్తువు తీసుకోవాలో, ఎవరితో ఆడాలో, ఎంతసేపు ఆడాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. మొదటి పది నిమిషాలు గందరగోళంగా ఉంటుంది, పదిహేనో నిమిషానికి ఆట చిక్కబడుతుంది. దాన్ని అరగంటలోపే ఆపేస్తే పిల్లలు ఆటలోకి దిగకముందే బయటికి లాగినట్టవుతుంది. అందుకే నలభై నిమిషాలని చెప్పాను; వీలైతే ఇంకా ఎక్కువ ఇవ్వండి.

గుజ్జనగూళ్లు ఆడుతున్న పిల్లలను ఒకసారి నిదానంగా గమనించండి. ఒక పిల్ల అమ్మ అవుతుంది, ఒకడు పొలం నుంచి వస్తాడు, ఇంకొకతె ఇసుక అన్నం వండుతుంది. వండిన పిల్ల మూడు మూతల్లో వడ్డించి నలుగురున్నారని గ్రహిస్తే, ఇంకో మూత వెతుక్కుంటుంది, అది లెక్క. ‘నువ్వు కూలికెళ్లొచ్చావు కదా, చెయ్యి కడుక్కో’ అన్నప్పుడు తాను కాని మనిషి మాటను, వరసను, గొంతును పట్టుకుంటుంది, అది భాష. ఆకును నోటుగా, పుల్లను గరిటెగా వాడుతుంది. ఒక గుర్తు ఇంకొక దానికి బదులు నిలబడగలదన్న ఈ గ్రహింపే రేపు గీత అక్షరానికీ, అక్షరం శబ్దానికీ గుర్తని తెలుసుకోవడానికి ఆధారం అవుతుంది.

ఈ సమయంలో మీరు చేయవలసిన పనులు మూడు. మొదటిది, చూడడం. రెండోది, పిలిస్తేనే ఆటలోకి వెళ్లడం. వెళ్లినప్పుడు పరీక్ష పెట్టకండి. “ఇది ఏ రంగు? ఇవి ఎన్ని?” అని అడగగానే ఆట ఆగి పాఠం మొదలవుతుంది. దానికి బదులు చుట్టంలా కూర్చుని, “ఏం కూరమ్మా ఇవాళ? కారం ఎక్కువైనట్టుందే” అంటే ఆట ముందుకు నడుస్తుంది. మూడోది, ఆట ఒకేచోట తిరుగుతుంటే ఒక కొత్త వస్తువు చేర్చడం: తక్కెడ పెడితే బొమ్మరిల్లు కాస్తా సంత అవుతుంది, పాత టికెట్టు ముక్కలు ఇస్తే అట్టపెట్టెలు ఆర్టీసీ బస్సవుతాయి.

తగవుల్లో వెంటనే తీర్పు చెప్పకండి. కొట్టుకుంటే, కొరుక్కుంటే తప్పక విడదీయాలి. వస్తువు కోసం లాగులాట అయితే, ఇద్దరి మధ్య కూర్చుని, ఆ వస్తువును మీ చేతిలో ఉంచుకుని, జరిగింది మాటల్లో పెట్టండి: “ఇద్దరికీ చేటే కావాలి. చేట ఒక్కటే ఉంది. ఏం చేద్దాం?” నాలుగేళ్ల పిల్లలు మనం అనుకోని పరిష్కారాలు చెబుతారు. మూడేళ్ల వాళ్లకు అది ఇంకా రాదు కాబట్టి, వాళ్లు ఎక్కువగా ఇష్టపడే వస్తువులను రెండేసి, మూడేసి ఉంచడమే దారి.

కబుర్లు, కథ

అందరూ గుండ్రంగా కూర్చునే ఈ సమయం పదిహేను ఇరవై నిమిషాలకు మించకూడదు. ముందు కబుర్లు: పొద్దున ఏం తిన్నారు, దారిలో ఏం చూశారు, వాన పడుతుందా. రోజూ అందరినీ మాట్లాడించే ప్రయత్నం చేయకండి. నలుగురైదుగురు మాట్లాడితే చాలు, మిగతావారికి రేపు వంతు వస్తుంది. కథను చదవడం కన్నా చెప్పడం మంచిది, అదే కథను వారమంతా చెప్పడం ఇంకా మంచిది. పెద్దవాళ్లకు విసుగు పుడుతుంది గానీ పిల్లలకు పుట్టదు. మూడో రోజుకు వాళ్లే తర్వాతి మాట అందిస్తారు, అయిదో రోజుకు మీరు తప్పు చెబితే దిద్దుతారు, ఆరో రోజున చీరముక్క కప్పుకుని నక్క వేషం కడతారు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా కూడా కథలకూ నాటకాలకూ అక్కడ పెద్దపీట వేశారు.

ఇంటి భాష విషయంలో పట్టు విడవాలి. ఉట్నూరు వైపు గోండీ, కొలామీ, భద్రాచలం వైపు కోయ, సీతంపేట కొండల్లో సవర, తండాల్లో లంబాడీ మాట్లాడుతూ వచ్చే పిల్లలు తెలుగు రాకపోవడం వల్ల మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని మందబుద్ధి అనుకునే ప్రమాదం ఉంది. పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం కూడా పిల్లల ఇంటి భాషతోనే మొదలుపెట్టమంటున్నది. ఆయా ఆ భాష తెలిసిన మనిషైతే, కథ చెప్పే పనిని వారానికి రెండు రోజులైనా ఆమెకు అప్పగించండి.

చేతిపని, రాతకు ముందు జరగవలసినది

మూడేళ్ల పిల్లల వేళ్లు పెన్సిలు పట్టడానికి సిద్ధంగా ఉండవు; భుజం, మణికట్టు, వేళ్లు ఆ క్రమంలోనే బలపడతాయి. బంకమట్టి పిసకడం, పసుపు కలిపిన గోధుమపిండి ముద్దను ఉండలు చేయడం, చిక్కుడుకాయలు ఒలవడం, తడిగుడ్డ పిండడం, కాగితం చింపి అతికించడం, కొస గట్టిపడేలా మైనంలో ముంచిన దారంతో బంతిపూలు గుచ్చడం: ఇవన్నీ రాతకు సిద్ధం చేసే పనులే. రోజుకు ఒకటి చాలు. అందరూ ఒకే నమూనాను చూసి ఒకే రకం చేపను తయారు చేయాలని పట్టుబట్టకండి. చేప ఏనుగులా ఉన్నా ఫరవాలేదు.

గీతల విషయంలో ఒక మాట చెప్పాలి. ‘నిలువు గీత, అడ్డ గీత’ అంటూ నెలల తరబడి పలక మీద గీయించే పద్ధతి ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు తగినది. మన అక్షరాల్లో నిటారు గీతలు తక్కువ, వంపులూ సున్నలూ ఎక్కువ. గాలిలో పెద్ద సున్నా, ఇసుకలో అరచేతితో చక్రం, తడి నేల మీద సుద్దముక్కతో నత్తగుల్ల, అయిదేళ్లు నిండాక వరిపిండితో చుక్కల చుట్టూ తిప్పే మెలిక ముగ్గు: ఈ వరసలో చేయి తిరిగితే ర, ట, ద, న వంటివి తర్వాత సులువుగా వస్తాయి. ముగ్గుకు సున్నపు పొడి వాడకండి, కళ్లలో పడితే ప్రమాదం.

భోజనం, నిద్ర

చేతులు కడిగించడానికి సబ్బు, మగ్గు, పారే నీళ్లు కావాలి. ఒకే బకెట్లో అందరి చేతులూ ముంచితే కడగనట్టే. ఇరవై సెకన్లు పట్టే ఒక చిన్న పాట కట్టుకుని, అది అయ్యేదాకా రుద్దమనండి. ఒక్కసారికి నలుగురినే పంపండి, మిగతావాళ్లు ఆయాతో పొడుపుకథలు విప్పుతుంటారు.

పళ్లేలు వేసే పని అయిదేళ్ల వాళ్లది. మనిషికొక పళ్లెం, పళ్లేనికొక గుడ్డు అని వేసుకుంటూ వెళ్లడంలోనే ఒకటికి ఒకటి జత కుదర్చడం వస్తుంది. గోడ మీది పట్టిక చూపి అంకెలు వల్లె వేయించడం కన్నా ఇది ఎంతో నయం. ఈ వయసు పిల్లలకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అదనపు ఆహారంగా అందాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నిర్దేశించింది. పెట్టినంతా తినాల్సిందేనని నోట్లో కుక్కడం వద్దు. కొద్దిగా వడ్డించి, అడిగితే మళ్లీ వడ్డించండి. గుడ్డును, ముఖ్యంగా మూడేళ్ల వాళ్లకు, ముక్కలు చేసి అన్నంలో కలపాలి. వేరుశనగ గింజలను నలగ్గొట్టి మాత్రమే పెట్టాలి.

రాత్రీ పగలూ కలిపి మూడు, నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అయిదేళ్ల పిల్లల్లో చాలామందికి పగటినిద్ర పట్టదు. వాళ్లను బలవంతంగా కళ్లు మూయించి పడుకోబెట్టడం ఆయాకూ పిల్లలకూ శిక్షే. పావుగంట ఊరికే పడుకోమని, ఆ తర్వాత నిశ్శబ్దపు మూలలో పుస్తకాలు తిరగేయనివ్వండి. మీ రిజిస్టర్ల పని కూడా ఈ గంటలోనే పూర్తిచేయవచ్చు.

బయటి ఆటలను వయసుకు తగ్గట్టు ఎంచుకోండి

మన ఆటలు దాదాపు అన్నీ ఈ పనికి వస్తాయి, కాకపోతే అన్నీ అందరికీ కాదు. మూడేళ్ల వాళ్లకు గెలుపోటములు లేనివి కావాలి: కప్పగంతులు, రైలాట, ఇసుక, నీళ్లు, చిల్లుల డబ్బా. కాళ్లాగజ్జె ఆటలో కాళ్లు చాపి కూర్చున్న పిల్లల కాళ్లను మాటకొక కాలు చొప్పున తాకుతూ పోతారు కనుక లెక్కకు అది చక్కని తొలిమెట్టు. వీరీ వీరీ గుమ్మడిపండులో కళ్లు మూసుకున్న పిల్ల, ఎదుట ఉన్నది ఎవరో కనిపెట్టి చెప్పాలి; కొత్తగా చేరినవారికి అందరి పేర్లూ తెలియడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు. నాలుగేళ్లకు నేల–బండ, దాగుడుమూతలు, చెమ్మచెక్క. ఒంటికాలిపై నిలకడ వచ్చే అయిదేళ్ల వయసుకు తొక్కుడుబిళ్ల, తక్కువ గుంటలతో వామనగుంటలు. ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు చిన్నవాళ్ల చేతిని పెద్దవాళ్లు లాగకుండా చూడండి. అయిదేళ్ల లోపు పిల్లలను ఒక్క చేయి పట్టి గుంజినా, పైకి లేపినా మోచేతి ఎముక పక్కకు జారే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఆయాకూ, తీసుకెళ్లడానికి వచ్చే అన్నలకూ అక్కలకూ కూడా చెప్పాలి.

బయటికి వదిలే ముందు ఆవరణ ఒకసారి చుట్టి రండి: గాజుపెంకులు, మూత లేని సంపు, తెగిన కరెంటు తీగ, పాములు దాగే రాళ్లకుప్ప. ఇద్దరిలో ఒకరు గేటు వైపు నిలబడాలి. వాన రోజుల్లో ఈ ఆటను రద్దు చేయకండి, బల్లలు పక్కకు జరిపి గదిలోనే ఆడించండి. వాన వెలిశాక పావుగంట కాగితప్పడవలకు కేటాయిస్తే ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అన్న ప్రయోగం కూడా అయిపోతుంది.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు

రోజంతటిలో అరుపులు, తోపులాటలు, ఏడుపులు ఎక్కడ ఎక్కువో గమనిస్తే, అవి పనుల్లో కాదు, పనికీ పనికీ మధ్య ఉండే సందుల్లోనే పుడతాయని తెలుస్తుంది. కారణం సులువైనదే: ఆ సందుల్లో పిల్లలకు చేయడానికి ఏమీ ఉండదు, ఊరికే వేచి ఉండాలి. ఇరవై మందిని వరసగా నిలబెట్టి ఒకే కుళాయి దగ్గరకు నడిపిస్తే, వరస చివర గొడవ తప్పదు.

ముందుగా హెచ్చరించండి. “ఇంకొక్క ఇల్లు కట్టి ఆపేద్దాం” అంటే పిల్లలకు అర్థమవుతుంది, “ఇంకా అయిదు నిమిషాలు” అంటే అర్థం కాదు. ఒక్కో మార్పుకు ఒక్కో గుర్తు పెట్టుకోండి: ఆట ఆపడానికి గిన్నె మీద మూడు దెబ్బలు, కథకు ఒక చప్పట్ల వరస, భోజనానికి ఒక పాట. ఆ గుర్తును రోజూ ఒకేలా వాడితే, ఒక నెల తర్వాత గొంతు పెంచే అవసరం చాలావరకు తగ్గిపోతుంది. సర్దడాన్ని కూడా ఆటలో భాగం చేయండి: డబ్బాల మీద దేని బొమ్మ దానికి అతికించి ఉంటే మూడేళ్ల పిల్ల కూడా మూతల డబ్బాలో మూతలు, చెక్కల డబ్బాలో చెక్కలు వేస్తుంది, వర్గీకరణ అనే పెద్ద మాట అక్కరలేకుండానే. అందరినీ ఒకేసారి కదిలించవద్దు; “ఎర్ర బట్టలు వేసుకున్నవాళ్లు లేవండి”, “పేరు ‘స’తో మొదలయ్యేవాళ్లు రండి” అని జట్లుగా పిలవండి. ముందు పూర్తిచేసినవారికి చిన్న పని అప్పగించండి, ఆలస్యంగా పూర్తిచేసేవారిని తొందరపెట్టకండి.

గమనించినది రాసుకోండి, తల్లిదండ్రులకు చూపండి

ఈ వయసు పిల్లలకు పరీక్షలు అక్కరలేదు. రోజుకు నలుగురిని ఎంచుకుని, ఆ రోజు వాళ్లు చేసిన ఒక్కో పనిని ఒక్క వాక్యంలో తేదీతో రాసుకోండి. ‘చురుకైన పిల్ల’ అనే మాట ఎందుకూ పనికిరాదు. ‘ఆరు చెక్కలు పేర్చి, పడిపోతే కింద పెద్దది పెట్టి మళ్లీ కట్టింది’ అన్నది పనికివస్తుంది. వారం తిరిగేసరికి అందరూ వస్తారు. పేరు పిలిచినా తిరగని పిల్ల, నాలుగేళ్లు వచ్చినా రెండు మూడు మాటలు కలిపి చెప్పని పిల్లవాడు, వచ్చిన మాటలను మరచిపోతున్నవాడు ఈ పుస్తకంలో తొందరగా కంటపడతారు. వాళ్లను ఆరోగ్య కార్యకర్త ద్వారా వెంటనే వైద్యపరీక్షకు పంపాలి. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అని పెద్దవాళ్లు అన్నా ఆగకండి.

ఇక తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఉంది: “పక్కింటి పిల్లాడు కాన్వెంటులో ఏబీసీడీలు రాస్తున్నాడు, మావాడికి ఆటలేనా?” అక్షరాభ్యాసం చేయించి, కొందరు బాసర దాకా వెళ్లి వచ్చి, పలక కొనిచ్చి పంపినవాళ్ల ఆత్రం అర్థం చేసుకోదగినదే. వాళ్లతో వాదించకండి. అక్షరాభ్యాసంలో పిల్ల చేత పళ్లెంలోని బియ్యంలో వేలితో రాయించారు గదా, మేమిక్కడ రోజూ ఇసుకలోనూ పిండిలోనూ అదే చేయిస్తున్నామని చెప్పండి. నెలనెలా జరిగే సమావేశంలో ఉపన్యాసం మానేసి, వచ్చిన తల్లులనూ తండ్రులనూ బొమ్మరిల్లు దగ్గర అరగంట కూర్చోబెట్టి, తమ పిల్ల ఏమేం మాట్లాడిందో గమనించి చెప్పమనండి. ఆ తర్వాత మీ పుస్తకంలో ఆ పిల్ల గురించి జూన్‌లో రాసిన వాక్యాన్నీ ఇప్పటి వాక్యాన్నీ పక్కపక్కన చదివి వినిపించండి. ఇంట్లో ఏం చేయించాలని అడిగితే మూడు పనులు చెప్పండి: రాత్రి పడుకునే ముందు ఒక కథ, వంటింట్లో పిల్ల చేత ఏదో ఒకటి ఒలిపించడం, ఫోన్‌ను రోజులో గంటకు మించి ఇవ్వకపోవడం, అన్నం తినిపించేటప్పుడు మాత్రం అసలే వద్దు.